ప్రభు రాత్రి భోజనం: తెలుగు క్రైస్తవ సంఘాల్లో ఆచరణ, అవగాహన

ప్రభు రాత్రి భోజనం అంటే క్రైస్తవ సంఘం కూడి రొట్టెను, ద్రాక్షారసాన్ని పంచుకుంటూ యేసుక్రీస్తు సిలువ మరణాన్ని జ్ఞాపకం చేసుకునే ఆరాధన. యేసు తాను అప్పగింపబడిన రాత్రి శిష్యులతో చేసిన చివరి భోజనం దీనికి మూలం. బాప్తిస్మంతో పాటు దాదాపు అన్ని క్రైస్తవ శాఖలూ దీన్ని పాటిస్తాయి. క్వేకర్లు, సాల్వేషన్ ఆర్మీ మాత్రం పాటించరు. స్టూవర్టుపురం సెటిల్‌మెంటును నిర్వహించిన సాల్వేషన్ ఆర్మీకి కోస్తా జిల్లాల్లో సంఘాలున్నాయి కాబట్టి ఈ మినహాయింపు తెలుగువారికి కొత్త కాదు.

తెలుగు ప్రొటెస్టంట్ల నిత్య వ్యవహారంలో దీని పేరు ‘బల్ల’. ‘ఈ ఆదివారం బల్ల ఉంది’, ‘బల్ల తీసుకున్నాం’ అంటారు. లూథరన్, సీఎస్‌ఐ (దక్షిణ ఇండియా సంఘం) కుటుంబాల్లో ‘సంస్కారం’ అనే మాట కూడా నడుస్తుంది. బ్రదరన్ సంఘాలు ‘రొట్టె విరవడం’ అంటాయి. ఆర్‌సీఎం అని వాడుకలో పిలిచే రోమన్ కథోలికులకు స్వీకరించేది దివ్యసత్ప్రసాదం, ఆరాధన మొత్తం దివ్యబలి పూజ. (బాప్తిస్మం గురించి చూ. బాప్తిస్మం, జ్ఞానస్నానం.)

బైబిలు ఆధారాలు

ఈ భోజనం గురించి మనకు దొరుకుతున్న వివరణల్లో అన్నిటికంటే పాతది సువార్తల్లో లేదు. అది పౌలు కొరింథు సంఘానికి రాసిన మొదటి పత్రిక 11వ అధ్యాయంలో ఉంది. ఆ పత్రిక సుమారు క్రీ.శ. 53–55 నాటిది. మత్తయి 26, మార్కు 14, లూకా 22 అధ్యాయాలు అదే సంఘటనను పస్కా పండుగ భోజనంగా చెబుతాయి. యోహాను సువార్త ఆ రాత్రి గురించి రాస్తూ రొట్టె, పాత్రల మాట ఎత్తదు. యేసు శిష్యుల పాదాలు కడగడాన్ని అక్కడ చెబుతుంది, జీవాహారం గురించిన దీర్ఘ ప్రసంగాన్ని 6వ అధ్యాయంలో ఉంచుతుంది. పస్కా గొర్రెపిల్లలను వధించే వేళకే సిలువ మరణం జరిగినట్టు యోహాను లెక్క.

పౌలు ఈ విషయం ఎత్తుకున్న సందర్భం గమనించదగ్గది. కొరింథులో సంఘం కూడినప్పుడు ఉన్నవాళ్లు ముందే తినేసేవారు, లేనివాళ్లు ఆకలితో మిగిలిపోయేవారు. లేనివాళ్లను సిగ్గుపరిచే ఆ భోజనం ప్రభువు భోజనం కాదని పౌలు మందలించాడు. అయోగ్యంగా తినకూడదన్న హెచ్చరిక కూడా ఆ మందలింపులో భాగమే. తెలుగు సంఘాల్లో ఈ హెచ్చరికను ఎక్కువగా వ్యక్తిగత పాపాలకు అన్వయిస్తారు. అయోగ్యంగా తీసుకుంటే జబ్బు చేస్తుందని, కీడు కలుగుతుందని భయపడి ఏళ్ల తరబడి బల్లకు దూరంగా ఉండిపోయే విశ్వాసులు చాలా సంఘాల్లో కనిపిస్తారు. ఆ మందలింపును మొదటినుంచి చదివితే అక్కడ తప్పుగా చూపిందల్లా పక్కవాణ్ని చిన్నచూపు చూడడమేనని తెలుస్తుంది.

అపొస్తలుల తరువాతి తరాల ఆచరణ గురించి రెండు పత్రాలు ముఖ్యం. ‘దిదఖే’ అనే చిన్న గ్రంథంలో భోజనానికి ముందు, తరువాత చేయాల్సిన కృతజ్ఞతా ప్రార్థనలున్నాయి. సుమారు 155లో జస్టిన్ మార్టిర్ రాసిన విన్నపంలో ఆదివారపు కూడిక వర్ణన ఉంది: లేఖన పఠనం, ప్రసంగం, ప్రార్థన, రొట్టె, నీరు కలిపిన ద్రాక్షారసం, రాలేనివారికి ఇంటికి పంపే భాగం, పేదల కోసం కానుకలు. నేటి తెలుగు సంఘాల ఆరాధన క్రమానికీ ఈ వర్ణనకూ ఉన్న పోలిక స్పష్టం.

బలి భావన

పాత నిబంధనలోని నాలుగు సందర్భాల వెలుగులో క్రైస్తవులు యేసు మరణాన్ని బలిగా చదువుతారు. మొదటిది నిర్గమకాండం 12లోని పస్కా గొర్రెపిల్ల: దాని రక్తాన్ని ద్వారబంధాలకు పూసిన ఇళ్లను సంహారకుడు దాటిపోయాడు. రెండోది సీనాయి కొండ దగ్గర మోషే ప్రజలమీద చల్లిన నిబంధన రక్తం. మూడోది లేవీయకాండం 16లోని ప్రాయశ్చిత్త దినం: ఆ రోజు ఒక మేకను వధించి, ఇంకొకదాని మీద ప్రజల పాపాలు మోపి అరణ్యానికి వదిలేవారు. నాలుగోది యెషయా 53లో ఇతరుల అపరాధాలను మోసే సేవకుడి చిత్రం. హెబ్రీ పత్రిక ఈ భావాలన్నిటినీ ఒకచోట చేర్చి, యేసు తానే యాజకుడిగా, తానే బలిగా ఒక్కసారే తన్ను అర్పించుకున్నాడని, ఇక మళ్లీ మళ్లీ బలులు అవసరం లేదని వాదిస్తుంది.

బలి ఎలా పనిచేస్తుందన్న ప్రశ్నకు సార్వత్రిక సంఘం ఒకే జవాబును ఎప్పుడూ సిద్ధాంతంగా ప్రకటించలేదు. తొలి శతాబ్దాల్లో ఇరేనియస్, ఓరిజెన్, నిస్సాకు చెందిన గ్రెగరీ వంటివారు దీన్ని పాప మరణాల చెర నుంచి మనిషిని విడిపించిన విమోచనగా, విజయంగా చూశారు. 1098లో కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు ఆన్సెల్మ్, మనిషి దేవునికి బాకీపడిన ఘనతను దైవమానవుడైన క్రీస్తు మాత్రమే చెల్లించగలడని వాదించాడు. కొద్దికాలానికే పీటర్ అబెలార్డ్, సిలువలో కనిపించే ప్రేమ మనిషి హృదయాన్ని మార్చడమే అందులోని శక్తి అన్నాడు. 16వ శతాబ్దపు సంస్కర్తలు, ముఖ్యంగా కాల్విన్, మనిషికి రావాల్సిన శిక్షను క్రీస్తు తనమీద వేసుకున్నాడన్న వివరణకు ప్రాధాన్యం ఇచ్చారు. తెలుగు ప్రొటెస్టంటు ప్రసంగాల్లో ఎక్కువగా వినిపించేది ఈ చివరిదే: మన బదులు ఆయన చనిపోయాడు, రక్తం మన పాపాలు కడిగింది. పెంతెకోస్తు సంఘాలు దీనికి విజయ భావనను, స్వస్థతను జోడిస్తాయి.

పల్లెల్లో ఈ బోధ వినేవారికి బలి పుస్తకాల్లోని సంగతి కాదు. పోచమ్మకు, ఎల్లమ్మకు కోళ్లు, మేకలు కోయడం, పెద్ద కొలుపుల్లో దున్నపోతును బలివ్వడం కళ్లెదుట జరిగేవి. దున్నపోతు బలిలో డప్పు కొట్టడం నుంచి కళేబరం తీయడం వరకు మాదిగలకు వంతుగా వచ్చిన పనులుండేవి. అందుకే సిలువను ఆఖరి బలిగా, ఇక ఏ బలీ అక్కర్లేదన్న ప్రకటనగా చెప్పే బోధ వారికి సూటిగా తాకింది. అది విశ్వాసాన్ని మార్చడమే కాక ఊరి వెట్టినుంచి తప్పుకోవడానికి కారణాన్నీ ఇచ్చింది. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ కొత్త విశ్వాసులకు పెట్టిన మూడు నియమాలు ఆదివారం పనిచేయకూడదని, చచ్చిన పశువుల మాంసం తినకూడదని, విగ్రహాలను పూజించకూడదని. తినే తిండి కూడా ఇక్కడ విశ్వాసానికి హద్దుగీత.

భారతీయ తత్త్వంతో సిలువను కలిపి చదివే ప్రయత్నాలూ ఉన్నాయి. బెంగాలుకు చెందిన కృష్ణమోహన్ బెనర్జీ 1875లో వెలువరించిన గ్రంథంలో, వేదాల్లో తన్ను తాను అర్పించుకున్న ప్రజాపతిని క్రీస్తుకు ముందుసూచనగా చూపించాడు. ఈ వాదం తెలుగు సువార్త ప్రసంగాల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. వేద పండితులు దీన్ని ఒప్పుకోరు, క్రైస్తవ వేదాంతుల్లోనూ చాలామంది దీన్ని ఆధారంగా తీసుకోరు. 1980ల నుంచి ఎదిగిన దళిత వేదాంతం వేరే దారి పట్టింది: సిలువ మీద ఉన్నవాడు ఊరి వెలుపల అవమానం పొందినవాడని, బాధితుల పక్షాన నిలిచినవాడని చెబుతుంది. బాధను పుణ్యంగా చూపి సహించమనే బోధను అది ప్రశ్నిస్తుంది. (చూ. దళిత వేదాంతం.)

రొట్టె, రసాల్లో క్రీస్తు సాన్నిధ్యం

రొట్టె, ద్రాక్షారసం ఏమవుతాయన్నది పాశ్చాత్య సంఘాన్ని చీల్చిన ప్రశ్న. 1215 నాటి నాలుగో లాటరన్ మహాసభ పదార్థాంతరీకరణ అనే భావాన్ని అధికారికంగా వాడింది. బయటి గుణాలు రొట్టెవిగానే ఉన్నా అసలు తత్త్వం క్రీస్తు శరీరంగా మారుతుందని దీని అర్థం. ట్రెంట్ మహాసభ 1551లో దీన్ని ధ్రువపరిచింది, పూజ నిజమైన బలి అని 1562లో ప్రకటించింది. అది కొత్త బలి కాదనీ, సిలువ మీద జరిగిన బలే రక్తం చిందకుండా సన్నిధిలోకి వస్తుందనీ కథోలిక బోధ.

మార్టిన్ లూథర్ పూజను బలి అనడాన్ని కాదన్నాడు గాని క్రీస్తు శరీరం నిజంగా ఉందన్నాడు. జూరిక్ సంస్కర్త జ్వింగ్లీ ఇది జ్ఞాపకార్థమేనని వాదించాడు. 1529 అక్టోబరులో మార్బర్గ్‌లో ఇద్దరూ కలిసి చర్చించినా ఈ ఒక్క విషయంలో రాజీ కుదరలేదు. కాల్విన్ మధ్యేమార్గంగా, విశ్వాసి పరిశుద్ధాత్మ ద్వారా క్రీస్తులో నిజంగా పాలుపొందుతాడని బోధించాడు.

ఈ గీతలు తెలుగునాట సంఘాల పేర్ల వెంటే వచ్చాయి. 1927లో ఏర్పడిన ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చి, అంటే ఏఈఎల్‌సీ, లూథర్ చిన్న కేటకిజంను నిర్ధారణ (కన్ఫర్మేషన్) పాఠంగా బోధిస్తుంది. బాప్టిస్టులు, బ్రదరన్‌లు జ్ఞాపకార్థమనే మాటకు కట్టుబడతారు. సీఎస్‌ఐలో ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్ సంప్రదాయాలు కలిశాయి కాబట్టి ఒకే వివరణను రుద్దలేదు. అయితే తెలుగు సంఘాల చరిత్రను దగ్గరగా చూస్తే సాన్నిధ్యం గురించిన వాదం కంటే ఎవరి పక్కన ఎవరు కూర్చుంటారు, ఎవరు ఇస్తే ఎవరు తీసుకుంటారు అన్న ప్రశ్నే ఎక్కువ కదిలించింది.

తెలుగు నేలపై చరిత్ర

తెలుగు ప్రాంతంలో తొలి పూజలు కథోలిక గురువులు లాటిన్‌లో చేసినవి. 18వ శతాబ్దం మొదట్లో ఫ్రెంచి జెసూట్ల కర్ణాటక మిషన్ పుంగనూరు ప్రాంతంలో పనిచేసింది. అదే శతాబ్దంలో మంగళగిరి ఆనందకవి ‘వేదాంత రసాయనము’ అనే కావ్యంలో క్రీస్తు కథను తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. పూజ భాష మాత్రం రెండో వాటికన్ మహాసభ 1963 డిసెంబరు 4న ఆరాధనా శాసనాన్ని వెలువరించేదాకా లాటినే. ఆ తరువాతే తెలుగులో పూజ మామూలైంది. 1969లో భారతీయ పూజకు రోమ్ ఆమోదించిన 12 అంశాల్లో నేలమీద కూర్చోవడం, చేతులు జోడించడం, హారతి వంటివి ఉన్నాయి. వీటిలో కొన్ని నిలిచాయి, కొన్నిటిని హిందూ పద్ధతులంటూ విశ్వాసులే వద్దన్నారు.

ప్రొటెస్టంటు మిషన్లు 1805లో విశాఖపట్నంలో లండన్ మిషన్‌తో మొదలయ్యాయి. 1836లో బౌడెన్, బీర్ దంపతులు గోదావరి డెల్టాలో బ్రదరన్ పని ప్రారంభించారు. 1840లో శామ్యూల్ డే నెల్లూరులో బాప్టిస్టు పని చేపట్టాడు. 1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ మచిలీపట్నంలో చర్చి మిషనరీ సొసైటీ కేంద్రం తెరిచారు. 1842లో ఫాదర్ హేయర్ గుంటూరులో లూథరన్ పని మొదలుపెట్టాడు. 1874లో కెనడియన్ బాప్టిస్టులు కాకినాడ చేరారు. మిషన్లు ఒకరి ప్రాంతంలోకి ఒకరు రాకుండా ఒప్పందాలు చేసుకోవడంతో, ఒక క్రైస్తవుడిది ఏ బల్ల అన్నది అతని సొంత ఊరే తేల్చింది. గుంటూరు వైపువాడు లూథరన్, ఒంగోలు వైపువాడు బాప్టిస్టు, మెదక్ వైపువాడు మెథడిస్టు అయ్యారు.

ఒకే పాత్ర, కులం

క్రైస్తవ భోజనం కుల వ్యవస్థను ఢీకొన్న చోటు పాత్ర. వండిన అన్నం, నీళ్లు ఎవరి చేతినుంచి తీసుకోవచ్చన్న దాని మీద కులాల మెట్లు నిలబడ్డాయి. దానికి ఎంగిలి పట్టింపు తోడు. ఒకరు పెదవులు తాకించిన పాత్రను ఇంట్లోవాళ్లయినా మరొకరు నోటికి తాకించుకోరు. అలాంటి చోట పాస్టరు ఒకే గిన్నెను వరసగా అందరి నోటికీ అందించడం అంటే, అంటరానితనాన్నీ ఎంగిలినీ ఒక్క గుక్కలో దాటమని అడగడమే.

అందరూ దాటలేదు. మద్రాసు ప్రెసిడెన్సీలో, ముఖ్యంగా తంజావూరు వైపు, పాత లూథరన్ సంఘాలు పై కులాలవారికి వేరే కూర్చునే చోటు, బల్ల దగ్గర ముందు వరస ఒప్పుకున్నాయి. 1833లో కలకత్తా బిషప్పు డానియేల్ విల్సన్ సంఘంలో కులాన్ని పూర్తిగా వదలాలని ఆజ్ఞాపత్రం పంపాడు. బల్ల దగ్గర తేడా ఉండకూడదన్నది అందులో ముఖ్యమైన అంశం. దానికి ఎదురు తిరిగి చాలామంది సంఘాన్నే వదిలేశారు.

తెలుగు జిల్లాల్లో సమస్య రూపం వేరు. 1860ల తరువాత సంఘాల్లో చేరినవారిలో అత్యధికులు మాల, మాదిగలు. 1878 జులై 3న గుండ్లకమ్మ నది ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో ఎక్కువమంది మాదిగలు. అగ్రకులాల పట్టింపుతో పాటు మాల, మాదిగల మధ్య ఉన్న దూరం కూడా బల్ల దగ్గరికి వచ్చింది. రెండు కులాలవారు ఒకే పాత్రనుంచి తాగడం, ఒక కులం ఉపదేశి చేతి రొట్టెను ఇంకో కులంవాళ్లు తీసుకోవడం చాలాచోట్ల తగవుగా మారాయి. అనేక ఊళ్లలో మాలపల్లెకొక గుడి, మాదిగపల్లెకొక గుడి కట్టి సర్దుకున్నారు. ఇప్పటికీ అవి అలాగే ఉన్న ఊళ్లున్నాయి. కాబట్టి బల్ల కులాన్ని తుడిచేసిందనడం ఎంత అతిశయోక్తో, ఏమీ మార్చలేదనడం అంత అన్యాయం. హోటళ్లలో దళితులకు వేరే గ్లాసు పెట్టిన కాలంలో, వాళ్లు బల్ల దగ్గర తెల్లదొరతోనో, చదువుకున్న పాస్టరుతోనో ఒకే గిన్నెలో తాగారన్నది నిజం.

1890లలో అమెరికాలో ఆరోగ్య కారణాలతో వేరువేరు చిన్న కప్పులు వచ్చాయి. అవి బాప్టిస్టు, స్వతంత్ర సంఘాల ద్వారా తెలుగు ప్రాంతంలోకి చేరాయి. దాంతో ఎంగిలి ఇబ్బంది తీరింది, ఒకే పాత్ర చేసిన గట్టి ప్రకటన కూడా మెత్తబడింది.

దోర్నకల్ నుంచి దక్షిణ ఇండియా సంఘానికి

1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొందిన వి.ఎస్. అజరయ్య ఆంగ్లికన్ శాఖలో తొలి భారతీయ బిషప్పు. దోర్నకల్ ఆయన కేంద్రం. శాఖల తేడాలు పడమటి దేశాల చరిత్రలో పుట్టినవని, వాటి మూలంగా ఒక ఊరి క్రైస్తవులు ఇంకో ఊరిలో బల్ల తీసుకోలేకపోవడం సువార్తకే అడ్డమని ఆయన పట్టుదలగా చెప్పాడు. 1919 మే నెలలో తరంగంబాడిలో 33 మంది కూడి ఐక్యతా ప్రకటన వెలువరించారు. అక్కడినుంచి 28 ఏళ్ల చర్చల్లో ముడిపడిన ప్రశ్న బల్ల దగ్గర నిలబడే హక్కు ఎవరిదన్నదే: బిషప్పు చేతులుంచి అభిషేకించని పాదిరి నడిపించిన సంస్కారం చెల్లుతుందా? చివరికి ఐక్యతనాటికి ఉన్న పాదిరులందరినీ యథాతథంగా అంగీకరించి, ఆపైన అభిషేకాలు బిషప్పులే చేయాలని తేల్చారు. ఏ సంఘంమీదా దాని మనస్సాక్షికి విరుద్ధమైన పద్ధతిని రుద్దబోమని మాట ఇచ్చారు. అజరయ్య 1945 జనవరి 1న కన్నుమూశాడు. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కెథడ్రల్‌లో సీఎస్‌ఐ ఆవిర్భవించింది. నంద్యాల ప్రాంత ఆంగ్లికన్లలో ఒక భాగం ఈ ప్రశ్న మీదే బయట నిలిచి, చాలా ఏళ్ల తరువాత చేరింది. అదే నంద్యాల అధ్యక్ష మండలానికి 2013లో ఇ. పుష్పలలిత బిషప్పు అయ్యారు. సీఎస్‌ఐలో బల్లను నడిపించే అధికారం పొందిన స్త్రీలలో ఆ స్థాయికి చేరిన మొదటివారు ఆమె.

సీఎస్‌ఐ 1950లో సిద్ధం చేసిన ప్రభు భోజన క్రమం ఇరవయ్యో శతాబ్దపు ఆరాధనా సంస్కరణల్లో ముందు వరసలోది. పాదిరి గోడవైపు కాకుండా బల్ల వెనక నిలబడి ప్రజలవైపు తిరుగుతాడు. పాత నిబంధన, పత్రిక, సువార్త అనే మూడు పాఠాలు చదువుతారు. సిరియన్ క్రైస్తవుల నుంచి తీసుకున్న సమాధాన వందనంలో, పాదిరి జోడించిన చేతుల స్పర్శ ఒకరినుంచి ఒకరికి చివరి వరసదాకా చేరుతుంది. వాటికన్ సంస్కరణల కంటే ఇది పదేళ్లకు పైగా ముందు. కులం పేరుతో చేయి తాకని ఊళ్లలో ఆ సమాధాన వందనానికి ఉన్న బరువు, ఆ క్రమాన్ని మెచ్చుకున్న విదేశీ పండితులకు పూర్తిగా తెలిసి ఉండకపోవచ్చు.

భక్త సింగ్, స్వతంత్ర సంఘాలు

మిషన్ల చట్రానికి బయట పుట్టిన ఉద్యమాల్లో సువార్తికుడు భక్త సింగ్ (1903–2000) సంఘాలు పెద్దవి. హైదరాబాదు గోల్కొండ చౌరస్తాలోని హెబ్రోన్ 1950 నుంచి వాటి కేంద్రం. చాపలమీద కూర్చుని, స్త్రీలు తలమీద కొంగు వేసుకుని, ఎవరికి ప్రేరణ కలిగితే వాళ్లు లేచి స్తుతి ప్రార్థన చేసే సుదీర్ఘ ఆరాధన, దాని మధ్యలో రొట్టె విరవడం, ఆపైన అందరూ బంతిలో కూర్చుని తినే ప్రేమవిందు ఈ సంఘాల గుర్తులు. ఆదిమ సంఘంలో ప్రభు భోజనం, మామూలు భోజనం కలిసే ఉండేవి. ఆ కలయికను తెలుగునాట మళ్లీ నిలబెట్టింది ఈ ఉద్యమమే అనవచ్చు. 1938లో ముంగమూరి దేవదాసు స్థాపించిన బైబిలు మిషను లూథరన్ సంప్రదాయంలోంచి వచ్చినా తనదైన ధ్యాన పద్ధతిని పెంచుకుంది.

ఆచరణ

ఎంత తరచుగా అన్నది శాఖను బట్టి మారుతుంది. కథోలికులకు ప్రతిరోజూ పూజ ఉంటుంది. బ్రదరన్, హెబ్రోన్ సంఘాలు ప్రతి ఆదివారం రొట్టె విరుస్తాయి. సీఎస్‌ఐ, లూథరన్, బాప్టిస్టు సంఘాల్లో నెలకొకసారి, ఎక్కువగా మొదటి ఆదివారం. పాస్టరుకు పది ఊళ్లు ఉన్న గ్రామ పాస్టరేటుల్లో మూడు నాలుగు నెలలకోసారే బల్ల అందేది. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో, పవిత్ర గురువారం నాడు బల్ల ఉండడం మామూలు. కథోలికులు శుభ శుక్రవారం పూజ చేయరు. ముందురోజు ప్రతిష్ఠించిన సత్ప్రసాదాన్నే ఆ రోజు ఇస్తారు.

రొట్టె విషయంలో కథోలిక చట్టం కచ్చితం: గోధుమ తప్ప వేరేది కలవకూడదు, రసం ద్రాక్షనుంచి సహజంగా తీసిన మద్యమే కావాలి. పలుచని తెల్ల అప్పాలను ఎక్కువగా కన్యాస్త్రీల మఠాల్లో తయారుచేస్తారు. ప్రొటెస్టంటు సంఘాల్లో ఒకచోట బేకరీ బ్రెడ్డు, ఒకచోట పులియని రొట్టె. పల్లెల్లో ఆ రొట్టె పాస్టరమ్మ ఇంట్లో శనివారం సాయంత్రం తయారవుతుంది: ఉప్పు, సోడా వేయకుండా పిండి కలిపి, చపాతీలా కాల్చి, చిన్న ముక్కలు చేసి పళ్లెంలో సర్ది తెల్లని గుడ్డ కప్పుతారు. తాజా ద్రాక్ష దొరకని చోట కిస్మిస్‌లను నానబెట్టి, మరగించి, పిసికి వడగట్టిన తియ్యని రసమే ద్రాక్షారసం. 1869లో అమెరికన్ మెథడిస్టు థామస్ వెల్చ్ పులియని ద్రాక్షరసాన్ని నిలవ చేసే పద్ధతి కనుక్కున్న తరువాత మెథడిస్టు, బాప్టిస్టు సంఘాలు మద్యాన్ని మానేశాయి. సారా సంసారాలను కూల్చిన పల్లెల్లో ఈ పద్ధతికి పాస్టర్లు గట్టిగా కట్టుబడ్డారు.

ఆరాధన క్రమం స్థూలంగా ఒకటే: ఆత్మపరీక్ష, పాపపు ఒప్పుకోలు, క్షమాపణ వాక్యం, లేఖనాలు, ప్రసంగం, సమాధానం, స్థాపన వాక్యాలతో కృతజ్ఞతా ప్రార్థన, పంచడం. సీఎస్‌ఐ, లూథరన్ విశ్వాసులు చెప్పులు విడిచి ముందుకొచ్చి మోకరిస్తారు. బాప్టిస్టు సంఘాల్లో పెద్దలు పళ్లేలను వరసల మధ్యకు తెస్తారు, అందరికీ అందాక ఒక్కసారి తీసుకుంటారు. కథోలికుల్లో స్వీకరణకు ముందు గంటసేపు ఉపవాసం నియమం. ప్రొటెస్టంట్లలో అలాంటి చట్టం లేకపోయినా బల్ల తీసుకునేదాకా కాఫీ కూడా ముట్టనివారు చాలామంది.

అర్హత మీద అన్ని సంఘాలకూ నియమాలున్నాయి. కథోలిక పిల్లలు 1910లో పదో భక్తినాథ పోపు ఇచ్చిన ఉత్తర్వు తరువాత ఏడేళ్ల ప్రాయం నుంచే మొదటి సత్ప్రసాదం పొందుతున్నారు. సీఎస్‌ఐ, లూథరన్లలో కౌమారంలో నిర్ధారణ జరిగాకే బల్ల. బాప్టిస్టు, బ్రదరన్, పెంతెకోస్తు సంఘాల్లో ముంపు బాప్తిస్మం పొందాకే. తప్పు చేసినవారిని కొంతకాలం బల్లనుంచి నిలిపివేయడం పాత మిషన్ సంఘాల్లో ప్రధాన శిక్ష. హిందూ పద్ధతిలో పెళ్లి, బలి మాంసం, జాతరలో పాల్గొనడం, తాగుడు దానికి కారణాలయ్యేవి. బల్ల పొందే సభ్యుడికే పాస్టరేటు ఎన్నికల్లో ఓటు ఉంటుంది కాబట్టి ఈ శిక్ష కొన్నిసార్లు వర్గాల చేతిలో ఆయుధమైంది.

పాట, పద్యం, సినిమా

సిలువ బలి భావం తెలుగువారి గుండెకు ప్రసంగాల కంటే పాటల ద్వారానే ఎక్కువగా చేరింది. పురుషోత్తమ చౌదరి (1803–1890) కర్ణాటక రాగాల్లో కట్టిన శ్రమల కీర్తనలు ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ సంపుటి ద్వారా శాఖల గోడలు దాటి అందరివీ అయ్యాయి. బల్ల పంచుతున్నంతసేపూ సంఘం పాడేది ఎక్కువగా వీటినే. గుర్రం జాషువా ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. 1978లో విడుదలైన ‘కరుణామయుడు’ సినిమా ఊరూరా తెరకట్టి వేసిన ప్రదర్శనలతో సిలువ దృశ్యాన్ని అక్షరం రానివారికీ చేర్చింది. మెదక్‌లో కరువు రోజుల్లో ఆకలిగొన్నవారికి పని కల్పిస్తూ మెథడిస్టు మిషనరీ పాస్నెట్ దొర కట్టించి, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన కెథడ్రల్ అద్దాల కిటికీల్లో ఒకటి సిలువ దృశ్యమే.

కొత్తగూడ, ఐటీ కారిడార్‌లో

హైదరాబాదు ఐటీ కారిడార్‌లో, రంగారెడ్డి జిల్లా శేరిలింగంపల్లి మండలంలోని కొత్తగూడ, 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరుచుకున్నాక పల్లె రూపం కోల్పోయింది. కొండాపూర్, గచ్చిబౌలితో కలిసిపోయి అన్ని జిల్లాల యువతకూ నివాసమైంది. పరిపాలన రీత్యా ఈ ప్రాంతం సీఎస్‌ఐలో మెదక్ అధ్యక్ష మండలానికి, కథోలికుల్లో హైదరాబాదు అగ్రపీఠానికి చెందుతుంది. 2017లో ఏర్పడిన శంషాబాద్ సిరో మలబార్ పీఠం మలయాళీ కథోలికుల కోసం పనిచేస్తోంది. వారి కుర్బానా (పూజ) క్రమం అద్దాయి, మారి పేరిట ఉన్న ప్రాచీన తూర్పు సిరియా ప్రార్థన.

మిషన్ ఒప్పందాల వల్ల ఊరిని బట్టి నిర్ణయమైన బల్లలన్నీ ఇక్కడ ఒకే వీధిలోకి వచ్చాయి. గుంటూరు లూథరన్, ఒంగోలు బాప్టిస్టు, నర్సాపురం బ్రదరన్, మెదక్ సీఎస్‌ఐ పిల్లలు ఒకే హాస్టల్లో ఉండి, ఒకే స్వతంత్ర సంఘానికి వెళ్లడం సాధారణం. ఇలాంటి సంఘాలు తరచు ఫంక్షన్ హాళ్లలో, స్కూలు ఆడిటోరియాల్లో, దుకాణాల పై అంతస్తుల్లో కూడుతాయి. ఆరాధన తెలుగు, ఇంగ్లీషు కలిపి సాగుతుంది. బల్ల అంటే ఆ ఉదయం మడత విప్పి తెల్లగుడ్డ పరిచిన టేబులే.

ఇక్కడ ఎక్కువగా ఎదురయ్యే చిక్కు బాప్తిస్మం. పసితనంలో సీఎస్‌ఐ గుడిలో బాప్తిస్మం, తరువాత నిర్ధారణ పొంది పదేళ్లుగా బల్ల తీసుకుంటున్న వ్యక్తికి, కొత్త సంఘంలో మళ్లీ ముంపు బాప్తిస్మం పొందితేనే బల్ల అంటారు. కొందరు పొందుతారు, ఊరి గుడిలో పెద్దలు నొచ్చుకుంటారు. కొందరు పళ్లెం దాటిపోనిచ్చి కూర్చుంటారు. పెళ్లిళ్లలోనూ ఇదే. ఆర్‌సీఎం ఇంటి పెళ్లిపూజలో ప్రొటెస్టంటు వియ్యంకులు సత్ప్రసాదం వేళ బెంచీల్లోనే ఆగిపోతారు. 1982లో వివిధ శాఖల వేదాంతులు కలిసి వెలువరించిన లీమా పత్రం శాఖల మధ్య వేదాంత దూరాన్ని చాలా తగ్గించినా, కథోలిక చట్టం అసాధారణ పరిస్థితుల్లో తప్ప ఇతరులకు సత్ప్రసాదం ఇవ్వనివ్వదు.

2020 లాక్‌డౌన్, తరువాత

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైంది. ఏప్రిల్ 9 పవిత్ర గురువారం, 12 ఈస్టరు గుడి తలుపులు మూసుండగానే గడిచాయి. ఫోను తెరమీద ఆరాధన చూస్తూ ఇంట్లోని రొట్టె, రసం తీసుకోమని అనేక స్వతంత్ర సంఘాలు కుటుంబాలకు చెప్పాయి. కథోలికులు తెరమీద పూజ చూసి, మనసులోనే స్వీకరించే ఆత్మీయ సత్ప్రసాద ప్రార్థనతో సరిపెట్టుకున్నారు. పాదిరి ఒకచోట, రొట్టె ఇంకోచోట ఉంటే అది సంస్కారమవుతుందా అన్నది లూథరన్, ఆంగ్లికన్ సంప్రదాయాల్లో ప్రపంచమంతటా వాదమైంది. కూడిరావడమే ఈ భోజనంలో సగం అని పౌలు పత్రిక ఆధారంగా కొందరు, ఆపదలో ఇంటినే సంఘంగా చూడాలని ఇంకొందరు నిలిచారు.

జూన్ 8న ప్రార్థనాలయాలు తెరుచుకున్నప్పుడు కేంద్ర ఆరోగ్య శాఖ నిబంధనలు లోపల ప్రసాదం పంచడాన్ని, తీర్థం చల్లడాన్ని నిషేధించాయి. బల్ల మళ్లీ మొదలయ్యాక ఒకే పాత్ర వాడుతున్న సంఘాల్లో చాలా భాగం రొట్టెను రసంలో ముంచి ఇవ్వడానికో, వేరువేరు కప్పులకో మారాయి. పైన పలుచని రొట్టె బిళ్ల, కింద గుక్కెడు రసం ఉండి మూత అతికించిన ప్యాకింగు కప్పులు నగర సంఘాల్లో వాడుకలోకి వచ్చాయి. కథోలిక గుడుల్లో నాలుకమీద పెట్టే పద్ధతి స్థానంలో అరచేతిలో ఇచ్చే పద్ధతి విస్తరించింది. మంచానపడిన వృద్ధులకు పాస్టరు ఇంటికే వెళ్లి బల్ల ఇచ్చే ఆచారం లాక్‌డౌన్ నెలల్లో ఆగిపోయి, తరువాత అన్ని శాఖల్లోనూ తిరిగి మొదలైంది.